వాన తీసుకోని గోడ

ఎన్త్సాకి గురించి చెప్పమంటే నా నోరు కాస్త దురుసుగానే ఉంటుంది. పక్కింటి పిల్ల, చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని. బకెట్ ఇచ్చి నీళ్ళకు పంపితే ఊట పక్కన కూర్చుని బురదలో వేలితో గీతలు గీసుకుంటూ పొద్దు పోగొట్టేది. పిల్లనూ బకెట్‌నూ వెతుక్కుంటూ మేమే వెళ్ళాలి. వరసగా మగపిల్లలు పుట్టాక పుట్టిన ఆడపిల్లకు మాలో ఆ పేరు పెడతారు. ఎన్త్సాకి అంటే కలిపేది అని. తాను పుట్టి మగపిల్లల వరసలో ఆడపిల్లను కలిపిందట. ఆ పేరు ఇంకో రకంగా నిజమవుతుందని అప్పుడెవరికి తెలుసు?

దాని చూపే వేరు. దుప్పటి అంచు మీద చారలైనా, కొండవాలున కలబంద ఆకులు సుడి తిరిగి ఉండటమైనా, చూస్తే కాళ్ళు ఆగిపోయేవి. ఒకసారి పీచ్ చెట్లు పూసిన రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి మీద పాపా, మా మొక్కజొన్న సంకటి, మాడుతోంది. పిల్లేమో గుమ్మంలో నిలబడి పొగను చూస్తోంది. ఏం చూస్తున్నావే అంటే, పొగ తిన్నగా పైకి వెళ్ళి ఒకచోట విరుగుతోందనీ, ఆ విరిగేచోట ఏ రంగు వెయ్యాలో తోచడం లేదనీ అంది. నేను మాడిన కుండ ముఖం ముందు పెట్టాను. ఈ రంగూ బాగుందమ్మా, అంది. తిట్టడానికి వెళ్ళినదాన్ని నవ్వి వచ్చేశాను.

దాన్ని పెంచింది అవ్వ మాలినియో. తల్లి మసేరు పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ మీద పనిచేస్తుంది. పిల్ల మసేరులోనే బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో చేరితే తల్లికి ఇష్టం లేకపోయింది. ఆఖరి ఏడాది తప్పితే మాత్రం నా పక్క మిషన్ ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చో అని ముందే చెప్పేసింది. ఆమె అన్నమాట అన్నట్టే చేసే మనిషి.

ఆ ఆఖరి ఏడాది పనికి ఎన్త్సాకి అవ్వ ఇంటి గోడనే ఎంచుకుంది. మా ఆడవాళ్ళం గోడకు ఎర్రమట్టీ పేడా కలిపి అలికి, తడి ఆరకముందే వేళ్ళతో, ఫోర్కు పళ్ళతో చాళ్ళు గీస్తాం. వాటిని లితేమా అంటాం. దున్నిన చేనుకు కూడా మాకు అదే మాట. చనిపోయి పైనున్న మా పెద్దలు ఆ గోడను చూసి, వీళ్ళు దుక్కికి సిద్ధంగా ఉన్నారు అనుకుని వాన పంపుతారు. వచ్చిన వాన ముందు గోడనే కడుగుతుంది. గీత చెరిగిందంటే పెద్దలు దాన్ని తీసుకున్నారు, మన మాట విన్నారన్నమాట. చెరిగిందని ఏడ్చినవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. ఆరాక మళ్ళీ గీసుకుంటాం.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. చేలు నెర్రెలిచ్చాయి. మాలినియో వేళ్ళు అప్పటికే కొంకర్లు పోయాయి, మట్టి ముద్ద కూడా పట్టుకోలేకపోయేది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఏటా తన చేత్తోనే అలికిన గోడను మొదటిసారి మనవరాలికి అప్పగించింది. తను స్టూలు వేసుకుని కూర్చుని, ఇక్కడ తిప్పు, అక్కడ ఆపు అని గడ్డంతో చూపించేది.

పిల్ల కలలో నడిచినట్టు గీసింది. మా పాత చాళ్ళలోకి కలబంద సుడిని తెచ్చింది, చాలు విరిగేచోటల్లా ఆ పొగను తెచ్చింది. సాయంత్రపు ఎండ పక్కనుంచి పడితే గోడ మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుండేది. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళు కూడా కాసేపు నిలబడి చూసి వెళ్ళేవారు. నేనూ నిలబడి చూశాను కానీ పైకి మాత్రం, పేడ కాస్త తక్కువైంది అన్నాను.

కాలేజీ కమిటీ గురువారం వస్తామంది. ఫోటోలు పనికిరావు, గోడనే చూడాలట. ఈలోగా వాన పడితే చదువు మట్టిలో కలిసినట్టే. ఊరంతా వాన కోసం ఆకాశం వైపు చూస్తుంటే ఈ ఒక్క పిల్ల భయంతో చూస్తోందని మాకు తట్టనే లేదు.

కమిటీ రావడానికి ఇంకా వారం ఉందనగా కొండల అవతలి నుంచి మబ్బు లేచి వాన దబదబా కురిసింది. పులా, పులా, వానొచ్చింది అంటూ ముసలీ ముతకా బయటికొచ్చి తడిశారు. వాన వెలిశాక చూస్తే వాడంతా గోడలు బోసిగా, ఎర్రగా కారుతున్నాయి. మాలినియో గోడ మీద మాత్రం ఒక్క గీత కూడా చెదరలేదు. నీటి చుక్కలు దాని మీంచి జారిపోయి, గోడ తళతళలాడుతోంది. పిల్ల ముఖం అంతకంటే వెలుగుతోంది.

మర్నాడు పొద్దున్నే నిప్పు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. మాలినియో ఒంటరిగా గోడ ముందు నిలబడి ఉంది. మగ్గుతో నీళ్ళు పోస్తోంది, ఆ వంకర వేళ్ళతో గోడను రుద్దుతోంది. మళ్ళీ పోస్తోంది, మళ్ళీ రుద్దుతోంది. గీత పోవడం లేదు.

"అందరివీ తీసుకున్నారు మానాలెలీ," అంది నన్ను చూసి. "నాది వదిలేశారు. చేతులు పోయాక నా మాట కూడా వాళ్ళకి అందట్లేదేమో."

అప్పుడే గుమ్మంలో ఎన్త్సాకి కనిపించింది. అంతా విన్నట్టుంది, ముఖం పాలిపోయింది.

"ఎన్ఖోనో," అని అవ్వను పిలిచింది. "నీ మాట కాదు. నేనే మట్టిలో జిగురు కలిపాను. చెక్కలకి పూసే తెల్ల జిగురు. గురువారం దాకా నిలబడాలని."

నాకైతే ఆ పిల్ల జుట్టు పట్టుకోవాలనిపించింది. పెద్దలకు వేసిన మొరకు జిగురు పూస్తారా ఎవరైనా? కానీ కోపగించుకోవాల్సిన మనిషి కోప్పడలేదు. మగ్గు కింద పెట్టి ఊపిరి వదిలింది. తన మొర దారి తప్పలేదని తెలిసిన ఊపిరి అది.

"కలిపేదాన్నని పేరు పెట్టుకున్నందుకు బాగానే కలిపావు," అంది. "పార పట్రా. ఎండెక్కితే ఇంకా గట్టిపడుద్ది."

గోడంతా చెక్కడానికి మా ఇద్దరి నడుములూ విరిగాయి. చెక్కిన పెళ్ళలు పలకల్లా ఊడిపడుతుంటే, వాటి మీద సగం సుడి, సగం పొగ కనిపించేవి. పిల్ల ఒక్కో పెళ్ళ తీసి చూసి పక్కన పడేసేది. మళ్ళీ మట్టి తొక్కింది, మళ్ళీ అలికింది, మళ్ళీ గీసింది. ఈసారి మట్టీ పేడా తప్ప ఇంకేమీ లేదు. నా కళ్ళకు ఈ గోడే ఎక్కువ బాగుంది. తొందర లేని గీత అది. అది ఆరేసరికి బుధవారం వచ్చింది, వెంటే మబ్బూ వచ్చింది.

కమిటీ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. గురువారం వాళ్ళు వచ్చి, ఎర్రగా కారిన బోసి గోడ చూసి, టీ తాగి వెళ్ళిపోయారు. ఆ ఏడు ఎన్త్సాకి తప్పింది. తల్లి అన్నట్టే పక్క మిషన్ మీద కూర్చోబెట్టింది. ఏడాదంతా జేబులు కుట్టి, మళ్ళీ ఫీజు కట్టి, అప్పుడు పాసయింది. నేను చెప్పాలనుకున్నది ఆ సంగతి కాదు, బుధవారం సంగతి.

మబ్బు నల్లగా కమ్ముకొస్తుంటే నాకు మనసాగలేదు. దుక్కి వాన కావాలని ఇన్నాళ్ళు మొక్కినదాన్నే, మా కొట్టంలో జొన్న బస్తాల మీద కప్పే పెద్ద ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చి ఎన్త్సాకి చేతిలో పెట్టాను. కప్పెయ్యవే, ఒక్క రోజే కదా, పెద్దలేమీ అనుకోరులే అన్నాను. మాలినియో గోడ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. విన్నా విననట్టే ఉంది.

పిల్ల పట్టా విప్పింది. రెండు చేతులా పట్టుకుని గోడ వైపు చూసింది. ఆ చూపులో ఆ సుడీ పొగా, మసేరు, తల్లి పక్క మిషన్, అన్నీ నాకు కనిపించాయి. మొదటి చినుకులు టపటపా పడ్డాయి. పిల్ల గోడ దగ్గరికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి వచ్చి ఆ పట్టాను అవ్వ భుజాల చుట్టూ కప్పి, పక్కన నేల మీద కూర్చుంది.

వాన గోడంతా పాకింది. చాళ్ళు ఒక్కొక్కటే మెత్తబడి, కలిసి, ఎర్రగా కిందికి జారాయి. మాలినియో ముందుకు వంగి పట్టాలోంచి వంకరపోయిన చెయ్యి నేలకు చాపింది. వాకిట్లో పారుతున్న ఎర్రనీళ్ళు ఆ వేళ్ళ సందుల్లోంచి పోతుంటే, మనవరాలి వైపు చూసింది.

"తీసుకున్నారే," అంది.