మడత విప్పితే ఇద్దరు

లాల్‌దర్వాజాలో మా పక్కింటి ఖాలా పతంగి కాగితాన్ని మధ్యకు మడిచి, కిషన్‌బాగ్‌లోని తన పుట్టింటి గల్లీ బొమ్మను కత్తిరించేది. పెళ్లయ్యాక మళ్లీ అటు పోలేదట. మడత విప్పితే రెండు కిటికీలు, రెండు పావురాలు, ఇద్దరు ఆడపిల్లలు కనిపించేవారు.

"ఒక్క పిల్లనే చెయ్యరాదా ఖాలా?" అని అడిగాను.

"ఒక్కదాన్ని రోజూ అద్దంల చూస్తనే ఉన్న బేటీ. రేపు రా, నీకు నేర్పిస్త."

"వస్త" అన్నాను. చదువుతున్న నవల వదల్లేక మర్నాడు పోలేదు. ఆ వారమంతా పోలేదు.

తర్వాత వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. నాకిమ్మని ఖాలా మా అమ్మ చేతికిచ్చిన కాగితం విప్పి చూశాను. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పిల్లల చేతుల్లోనూ పుస్తకాలున్నాయి. మడత కాగితం కదా, నాకు పుస్తకమిస్తే తనకూ వచ్చింది.

ఖాలాకు చదువు రాదు.