చదును చేసిన మడతలు

నిన్న ఉదయం తెనాలి వర్క్‌షాపులో బల్ల మీద విప్పిన మోటారు ఒకటి, టీ గ్లాసులు రెండు, నా ఫోను, నా పొడుగు నోటుబుక్కు ఉన్నాయి. బల్లకు అటువైపు కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి, ఇటువైపు నేను. నేను ఒక పేజీ కింది మూల మడవడం చూసి, "పనులన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదండీ, మళ్లీ ఈ పుస్తకం ఏంటి సార్?" అని నవ్వింది. అలవాటండీ అన్నాను. అబద్ధమాడాను. నోటుబుక్కుల్లో చదువుకుని ఫోన్లతో ఉద్యోగం మొదలుపెట్టిన నా ఈడు వాళ్లకైనా నిజం చెప్పుకోవాలి.

ఆ మడత నాది కాదు, బాబాయిది. షాపులో అందరికంటే పెద్ద మెకానిక్కుని యజమానితో సహా అందరం అలాగే పిలిచేవాళ్లం. బాపట్ల, కర్లపాలెం, రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి అందించే ఏరియేటర్లు పాడైతే వెళ్లేది ఆయనే. ఆయన పుస్తకంలో పనికొక పేజీ; పని కాగానే పేజీకి అడ్డంగా ఒక గీత. కొన్ని పేజీలకు గీతతో పాటు కింది మూల మడత కూడా ఉండేది. నూనె చేతుల మనిషి, పేజీలు నలుగుతాయిలే అనుకున్నానే తప్ప అదేమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

నేను ఇంజనీరుగా చేరిన ఏడాదే, పనుల జాబితా మొత్తం ఫోన్‌లోకి ఎక్కించమన్నారు యజమాని. బాబాయి కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్న రోజుల్లో నేను ఆ పుస్తకం ముందేసుకుని పేజీ పేజీకీ ఫోటో తీశాను. మూలలు మడిచి ఉంటే అక్షరాలు సరిగ్గా పడటం లేదని ప్రతి మడతా విప్పి, అరచేత్తో రుద్ది, పైన బేరింగుల డబ్బా బరువు పెట్టి మరీ చదును చేశాను. గీత ఉన్నవన్నీ 'పూర్తయినవి' అని నమోదు చేశాను. అంత శుభ్రంగా పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పది రోజుల తరువాత అడవులదీవి నుంచి ఒకామె షాపుకి ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. "కొత్త బేరింగు రాగానే వచ్చి ఏస్తానన్నాడు బాబాయి, అప్పటిదాకా పాతదే సర్ది ఎల్లాడు. మర్చిపోకుండా పుస్తకంలో మడత కూడా పెట్టుకున్నాడయ్యా, నా కళ్లముందే. మోటారు పట్టేసింది. రొయ్యలన్నీ చచ్చి చెరువంతా తెల్లగా తేలినయ్యి, వచ్చి చూడు బాబూ." కొత్త బేరింగు వచ్చి వారమైంది. నేను మూలలు చదును చేయడానికి వాడిన డబ్బాలోనే ఉంది.

యజమాని కబురు పెడితే కంటికి నల్లద్దాలతో బాబాయి వచ్చాడు. "ఏంటి బాబాయ్, సగం పనికి గీత కొట్టేశావా?" అన్నారు యజమాని. ఆయన పుస్తకం తెరిచి, ఆ పేజీ మూల మీద బొటనవేలితో మెల్లగా తడిమాడు. మడత పోయినా దాని చార పోలేదు. నా వైపు ఒక్కసారి చూశాడు. "మర్చిపోయానండి. వయసు కదా," అన్నాడు. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు.

ఆ తరువాత ఆయన్ని ఊళ్లకు పంపడం మానేశారు. ఆ చెరువులన్నీ నాకు వచ్చాయి. బల్ల దగ్గర కూర్చుని వైండింగు చుట్టుకుంటూ ఒకసారి మాత్రం అడిగాడు, "నీ ఫోన్‌లో మడత పెట్టడం కుదురుద్దా, ఇంజనీరూ?" అని. వెక్కిరింత లేదు అందులో, అదే ఎక్కువ గుచ్చుకుంది. కొన్నాళ్లకు రావడం మానేశాడు. చెప్పాలని ఒకసారి బాపట్లలో ఆయన వీధి దాకా వెళ్లి, మలుపులోనే బండి తిప్పుకుని వచ్చేశాను.

ఇప్పుడు తేదీలు, చిరునామాలు, ఫోటోలు ఫోన్‌లో పెడతాను; తాత్కాలికంగా సర్దిన పనికి పుస్తకంలో మూల మడుస్తాను, మళ్లీ వెళ్లి పూర్తి చేశాకే విప్పుతాను. ఫోను రోజంతా గుర్తు చేస్తూనే ఉంటుంది, వేలితో పక్కకి తోసేస్తూనే ఉంటాను. వెళ్లాల్సిన చోటుని చేత్తో మడిచి జేబులో పెట్టుకు తిరిగే మనుషులు మా షాపులో నేను తప్ప ఇక లేరు.

అడవులదీవి నుంచి ఆ ఫోన్ వచ్చిన రోజే బాబాయి పుస్తకం వెలుతురులో పెట్టి చారలు లెక్కపెట్టాను. మడతలు పదిహేడు. నేను సమయానికి వెళ్లగలిగినవి పదహారు.