మనవరాలి పేరు కోసం కొన్న చదరంగం పుస్తకం

నాకు అక్షరాలు జుట్టు నెరిశాక వచ్చాయి. మొదట రాసింది మా అమ్మ పేరే. కొడుక్కి ఆడపిల్ల పుట్టగానే ఆ పేరే పెట్టాలన్నాను. మా వియ్యంకుడు వాళ్లమ్మ పేరు పెట్టాలన్నాడు. కాటేదాన్‌లో ఇనుప గేట్లు చేసే మనిషి, ఆయనా వంగడు. మేమిద్దరం ఆదివారాలు చదరంగం ఆడతాం. పేరు కూడా బల్ల మీదే తేల్చుకుందామని ఒప్పుకున్నాం. బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదు. చేశాం.

చిక్కేమిటంటే, ఆయన నన్ను ఎప్పుడూ ఒకే దెబ్బతో కొడతాడు. గుర్రాన్ని తెచ్చి రాజుకీ మంత్రికీ ఒకేసారి గురిపెడతాడు. రాజును కాపాడుకుంటే మంత్రి పోతుంది.

ఆరాంఘర్‌లో పుస్తకాల కొట్టుకు పోయి, బర్రెను కొన్నట్టు ఒళ్లు చూసి కొన్నాను. అన్నిటికన్నా లావుపాటి ఎత్తుల పుస్తకం. మొదటి బొమ్మ ముందే పొద్దు గూకింది. ఏడెత్తుల తర్వాత ఏమవుతుందో చెప్పమంటుంది. నాకు రెండో ఎత్తుకే కళ్లు తిరిగాయి. దాన్ని పచ్చడి జాడీ మీద మూతగా పెట్టాను. ఆ పనికి బాగానే ఉంది.

మళ్లీ కొట్టుకు పోతే కొట్టాయన అడిగాడు.

"మీ లెవెల్ ఏందమ్మా?"

"మనవరాలున్న లెవెల్."

"గది కాదమ్మా. గుర్రం దెబ్బ కనవడతదా?"

"తగిలినంక కనవడతది."

చిన్నపిల్లల పుస్తకం చేతిలో పెట్టాడు. అట్ట మీద గుర్రం పళ్లికిలిస్తోంది. నామోషీగా ఉన్నా నడుమన తెరిచాను. చాలా బొమ్మలకు జవాబు తట్టింది, ఒకటో రెండో సతాయించాయి. నేను చదువు నేర్చింది అల, వల, తలతో గానీ భారతంతో కాదు గదా. ఎత్తుల పుస్తకం కూరలో కారంలా ఉండాలి. నాలుక చురుక్కుమనాలి, నోరు మంటపుట్టి పళ్లెం తోసెయ్యకూడదు.

ఆ గుర్రం పేజీలు చూస్తూ ఎన్నిసార్లు పాలు పొంగించానో కోడలికి తెలుసు.

మా ఇల్లు విమానాలు దిగే దారి కింద ఉంది. అవి నెత్తి మీద పోతుంటే మాట వినపడదు. అందుకని మాకో కట్టు: రాజుకు గురిపెట్టి "కిస్తు" అన్న మాట అవతలివాళ్లకు వినపడితేనే ఆ ఎత్తు చెల్లుతుంది. కట్టు పెట్టింది వియ్యంకుడే.

ఆ ఆదివారం సగం ఆటలో నా గుర్రం ఆయన రాజునూ మంత్రినీ ఒక్కసారే పట్టింది. "కిస్తు" అన్నాను. అప్పుడే విమానం.

"వినవడలె అక్కా! చెల్లది, తియ్యి!"

తీశాను. ఎత్తు ఇంకా నాదే కాబట్టి, విమానం పోగానే అక్కడే పెట్టాను. ఇంకో విమానం.

"చెల్లది!"

"ఎన్నిసార్లంటవ్ అన్నా? నోరు నొస్తలేదా?"

"నాకేంది? పొద్దుగూకేదాక వస్తనే ఉంటయి."

"రానియ్యి. గుర్రం నా చేతిలనే ఉన్నది."

పెట్టాను, తీశాను, పెట్టాను. కోడలు తెచ్చిన ఛాయ్ చల్లారింది, మళ్లీ వేడిచేసింది, మళ్లీ చల్లారింది. ఎట్టకేలకు ఆకాశం ఖాళీ అయింది. ఆయన చెవి దగ్గరికి వంగి "కిస్తు!" అని అరిచాను. ఆయన మంత్రి పోయింది, దాని వెనక ఆట పోయింది.

పేరు పెట్టే రోజు పాప చెవిలో మా అమ్మ పేరు చెప్పాను. సరిగ్గా అప్పుడే విమానం.

"వినవడలె అక్కా. చెల్లది," అన్నాడు వియ్యంకుడు, చుట్టాలందరి ముందూ.

విమానం పోయేదాకా ఆగి మళ్లీ చెప్పాను, వీధి చివరిదాకా వినపడేటట్టు. పాపకు బాగా వినపడింది. గుక్కపట్టి ఏడ్చింది.