నెల్డా బోస్మా ఆడిన ఒకే ఒక్క అబద్ధం

ఎవరిది ఏ పార్టీయో నేను చెప్పను, అడక్కండి. చెప్పిన మరుక్షణం మీరూ ఒక పక్షం కట్టేస్తారు. ఇక ఆవిడ గురించి ఒక్క ముక్క మీ చెవికెక్కదు. మా ఊళ్ళో జరిగిందే అది. రెండు పార్టీలున్నాయి, ఒకటి నెల్డాది, రెండోది లొరెట్టాది. అంతవరకు తెలిస్తే చాలు.

మిషిగన్‌లో, చెర్రీ తోటల మధ్య మా పల్లె. రోడ్డు మలుపులో నాకో పెట్రోలు బంకు, దాన్నానుకుని చిన్న కొట్టు ఉన్నాయి. నెల్డా బోస్మా ముప్ఫై ఒక్కేళ్ళు ఈ రోడ్ల మీద స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సెక్కిన కోతిమూకలో నేనొకణ్ణి. నాకిప్పుడు యాభై దాటాయి, అయినా ఆవిణ్ణి మిసెస్ బోస్మా అనే అంటాను. ఆవిడ నన్ను "ఒరేయ్ హార్లన్" అనే పిలుస్తుంది. పిల్లాణ్ణి దించాక, వాడు ఇంట్లోకెళ్ళి తలుపేసుకునేదాకా బస్సు కదిలించేది కాదు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి చచ్చేవాళ్ళు. "కొట్టుకోనీరా, అరిగితే వాళ్ళ హారనేగా" అనేది.

ఎన్నికలొచ్చాయంటే టౌన్‌షిప్ హాల్లో, అంటే మా పంచాయతీ ఆఫీసులాంటి దాంట్లో, ఆవిడదే పెత్తనం. ఇరవై రెండేళ్ళపాటు ఓటర్ల జాబితా ముందు కూర్చుంది. ఒకసారి వాళ్ళాయన గెరిట్, తన పార్టీ అభ్యర్థి పేరున్న టోపీ పెట్టుకుని ఓటెయ్యడానికి వచ్చాడు. లోపల అలాంటివి కూడవు.

"టోపీ తీసెయ్" అంది.

"ఏమేవ్, నేను నీ మొగుణ్ణి!"

"ఇక్కడ ఓటరువి. కారులో పెట్టి రా."

"తిరగేసి పెట్టుకుంటాలే."

"తిరగేసినా ఆ పేరు అందులోనే ఉంది కదయ్యా. నడు బయటికి."

హాలంతా ఒకటే నవ్వు, రెండు పార్టీలవాళ్ళూ నవ్వారు. గెరిట్ గొణుక్కుంటూ బయటికెళ్ళి, టోపీ కారులో పడేసి, మళ్ళీ వరసలో చిట్టచివర నిలబడ్డాడు. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదట. "ఇల్లెంత ప్రశాంతంగా ఉందిరా హార్లన్!" అని నాకు చెప్పుకుని మురిసిపోయింది. గెరిట్ పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

లెక్కింపయ్యాక బ్యాలెట్లను సంచిలో వేసి, సీలు వేసి, పార్టీకొకరు చొప్పున ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఆ ఇద్దరే ఒకే కారులో సంచిని కౌంటీ ఆఫీసులో అప్పగించి రావాలి. దారి పదిహేడు మైళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇద్దరూ నెల్డా, లొరెట్టా కుబియాక్. లొరెట్టా మా బడి వంటశాలలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ కారు నా బంకు ముందు ఆగితే వాళ్ళ వాగ్వాదం కొట్టులోకి వినిపించేది.

"నిన్న టీవీలో మీవాడి కూతలు విన్నావటే?"

"మీవాడేమన్నా సుప్రభాతం పాడాడా?"

తిట్టుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు.

ఆగడం ఎందుకంటారా? నాలుగేళ్ళ కిందట లొరెట్టాకు ఆపరేషనైంది. అప్పట్నుంచి ఆవిడకి ఒంటేలు ఆగదు. పదిహేడు మైళ్ళు ఏకబిగిన వెళ్ళలేక, నా దగ్గర తాళంచెవి తీసుకుని పక్కనున్న బాత్రూముకి వెళ్ళేది. దారిలో ఎక్కడా ఆగకూడదనే నిబంధనుంది. కానీ మనిషి ఒళ్ళు నిబంధన వింటుందా? ఈ సంగతి నెల్డాకు తెలుసు, నాకు తెలుసు. పెద్దవాళ్ళు లోపల వేసుకునే ప్యాడ్ల ప్యాకెట్టు నా కొట్లోనే కొనుక్కునేది మరి. "సంచిలో అడుగున పెట్టు నాయనా, పైన రొట్టె పెట్టు" అనేది. కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేదు.

కిందటేడాది మే నెలలో మా టౌన్‌షిప్ అధ్యక్షుడు పోతే ఉప ఎన్నిక వచ్చింది. ఆ నెలలో మాకు రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. ఎనిమిదిన్నర దాటాక కారు వచ్చి ఆగింది. లొరెట్టా తాళంచెవి పట్టుకెళ్ళింది. నెల్డా ఒడిలో సంచి పెట్టుకుని, రెండు చేతులా వాటేసుకుని కారులోనే కూర్చుంది. నేను కౌంటర్ దగ్గర్నుంచి చెయ్యి ఊపాను, ఆవిడా ఒక చెయ్యి తీసి ఊపింది. లొరెట్టా తిరిగొచ్చేసరికి గట్టిగా మూడు నిమిషాలు. ఒక్క రెప్ప వెయ్యకుండా చూశానని చెప్పను గానీ, ఆవిడ ఆ సీలు జోలికి పోలేదని మా అమ్మ మీద ఒట్టేసి చెబుతాను.

ఆ దారిన పోయే వెధవెవడో ఫోనులో వీడియో తీశాడు. పదకొండు సెకన్లు. కారులో ఒంటరిగా ముసలావిడ, ఒళ్ళో ఓట్ల సంచి. తెల్లారేసరికి ఫలితం తెలిసింది. తొమ్మిది ఓట్ల తేడాతో నెల్డా పార్టీ మనిషి గెలిచాడు.

ఇంకేముంది, కొంప మునిగింది! దొంగముండ అన్నారు, దేశద్రోహి అన్నారు. చిన్నప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని బస్సు మెట్లెక్కినవాళ్ళే అన్నారు. ఆవిడ ఉత్తరాల పెట్టెని ఎవరో బ్యాటుతో నుగ్గునుగ్గు చేశారు. ఆవిడ పార్టీవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఆవిడ బొమ్మతో బోర్డులు చేయించి రోడ్డు పొడుగునా పాతారు, అవతలివాళ్ళని పిశాచాలన్నారు. ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. తన ఇంటి ముందున్న బోర్డుని ఆవిడే పెరికి గరాజులో పడేసింది. మళ్ళీ లెక్కపెట్టారు, అవే తొమ్మిది ఓట్లు. లెక్క సరిపోయిందంటే మోసం ఎంత పకడ్బందీగా చేశారో చూడండన్నారు. ఇలాంటివాళ్ళకి ఏం చెబుతాం, తల బాదుకోవడం తప్ప!

నా కొట్లో కాఫీ బల్ల ఒకటే. అంతకుముందు అందరూ దాని చుట్టూనే చేరేవాళ్ళు. ఇప్పుడు ఒక జట్టు ఏడింటికి వస్తుంది, ఇంకో జట్టు తొమ్మిదింటికి. మధ్యలో నేను బల్ల తుడుస్తూ, ఇద్దరికీ తలూపుతూ బతుకుతున్నాను.

జూన్‌లో ఒక శనివారం పొద్దున కౌంటీవాళ్ళు హాల్లో విచారణ పెట్టారు. ముందు రోజు నెల్డా పెట్రోలుకి వచ్చింది. మనిషి చిక్కిపోయింది.

"నాకేం కావాలిరా? ఆ సంచి మీద నేను చెయ్యి వెయ్యలేదని ఊరు నమ్మితే చాలు. లొరెట్టా ఎందుకు దిగిందో అదే చెబుతుందిలే. కాస్త సిగ్గుపడుతుంది, అంతే."

లొరెట్టా కొడుకు వేడ్ అవతలి జట్టుకు నాయకుడు. ఆ ముసలిదాన్ని వెనకేసుకొచ్చావంటే మనవల్ని నీ గడప తొక్కనివ్వనని వాడు తల్లితో అన్న సంగతి ఊరంతా తెలుసు. నెల్డాకూ తెలుసు. అయినా నమ్మింది.

హాల్లో నడుమ దారికి అటో జట్టు, ఇటో జట్టు. నేను గోడకానుకుని నిలబడ్డాను. లొరెట్టాని లేపి అడిగారు. "సంచి దారంతా మీ కళ్ళముందే ఉందామ్మా?"

"బంకు దగ్గర నేను కారు దిగాను" అంది లొరెట్టా. "మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు... నేను చూళ్ళేదు."

"అసలు అక్కడెందుకు ఆగారు?"

లొరెట్టా నోరు తెరిచింది. వెనక వరసలో వేడ్, పక్కన ఇద్దరు పిల్లలు. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది, తెరిచిన నోరు మూసేసుకుంది. హాలంతా ఆవిణ్ణే గుచ్చి గుచ్చి చూస్తోంది.

అప్పుడు నెల్డా లేచింది. లొరెట్టాని చూసింది, తర్వాత నా వైపు చూసింది. కాసేపు అలాగే చూసింది. నేను బూట్లకేసి చూసుకున్నాను.

"నేనే ఆపాను" అంది. "కాఫీ తాగాలనిపించి లొరెట్టాని పంపాను. తప్పు నాది."

ఆవిడ జన్మలో కాఫీ ముట్టలేదు. నెల్డా అబద్ధమాడగా విన్నది నేను అదే మొదలు, అదే చివర. "ఒప్పుకుంది! ఒప్పుకుంది!" అని సగం హాలు లేచి అరిచింది. మిగతా సగం వాళ్ళమీదికి లేచింది, కుర్చీలు పడ్డాయి. నెల్డా ఒంటి చేత్తో పర్సు పట్టుకుని, ఆ గోలలోంచి పక్క తలుపు గుండా వెళ్ళిపోయింది. నా నోటికేం రోగం వచ్చిందని అడగండి. ఏడింటివాళ్ళు, తొమ్మిదింటివాళ్ళు కళ్ళముందు కదిలారు. అదీ నా రోగం.

నవంబరు ఎన్నికలకు ఒకే కారులో కూర్చునే ఇద్దరు దొరకలేదు. సంచి పోలీసు బండిలో వెళ్ళింది, ముందో గుంపు, వెనకో గుంపు ట్రక్కుల్లో ఫోన్లు పట్టుకుని వెంటపడ్డారు. నెల్డా ఓటుకి కూడా రాలేదు. లొరెట్టా మనవలు ఆదివారాలు ఆవిడింటికి వస్తున్నారు. ఆవిడ నా కొట్టుకొచ్చి, ప్యాకెట్టు తీసుకుని, "నెల్డా కనబడిందా?" అని ప్రతిసారీ అడుగుతుంది. లేదంటాను.

ఒక్కసారి కనబడింది. డిసెంబరులో, మొదటి మంచు పడ్డ రోజున పెట్రోలు పోసుకోవడానికి వచ్చింది. పైపు పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గరికి కోటైనా వేసుకోకుండా పరిగెత్తాను.

"మిసెస్ బోస్మా, ఆ రోజు నేను చూశాను. కిటికీలోంచి చూశాను. మీరు సంచి విప్పలేదు. నేను చెప్పి ఉండాల్సింది."

ఆవిడ పైపు తీసి మెల్లగా తగిలించింది.

"నువ్వు చూశావని నాకు తెలుసురా హార్లన్. నువ్వు చెయ్యి ఊపావు, నేనూ ఊపాను కదా" అంది.

కారెక్కింది. నేను కొట్లోకెళ్ళి తలుపేసుకునేదాకా కదలకుండా ఆగి, అప్పుడు వెళ్ళిపోయింది.