అమ్మ వైపు గుండ్రాలు

కరోనా తగ్గిన ఏడాది ఎండాకాలంలో నన్ను ప్రసూతి వార్డు నుంచి మానసిక వైద్యం ఓపీకి మార్చినారు. నా ఉద్యోగం ఆయా. డాక్టరు, సిస్టరు, ఆ తర్వాత మేము. మా కింద ఇంకెవరూ లేరు. అప్పటికి నాకు సంతకం కూడా రాదు.

ఆ ఓపీలో కొత్తగా వచ్చినవాళ్లకు కుటుంబ పటం గీస్తారు. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చదరం, జబ్బుంటే లోపల నలుపు. అక్షరాలకంటే ముందు నేను చదవడం నేర్చుకున్నది ఆ పటమే.

ఒక సోమవారం నల్లమాడ వైపు నుంచి రమణమ్మ అనే బస్సు కండక్టరు వచ్చింది. టికెట్లు కొడుతూనే ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతానని బస్సు ఆపించి దిగేస్తోంది. మూడుసార్లు ఈసీజీ తీసినా లోపం కనపడలేదు. ఉద్యోగం మానుకుంటానని కాగితం రాసి సంచిలో పెట్టుకునే వచ్చింది. తోడు వాళ్ల నాయన.

మీవాళ్లలో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని డాక్టరమ్మ అడిగింది.

"మా వంశంలో యాడా లేదు మేడం. అందరూ గుండ్రాళ్ల మాదిరి ఉండారు" అన్నాడాయన.

పటం చూసినాను. నిండుగా ఉన్నదంతా నాయన వైపే. తల్లి గుండ్రం పైన ఖాళీ. మా సీమలో వంశమంటే ఒకే ఇంటిపేరువాళ్లే, పెండ్లాం తరఫువాళ్లు లెక్కలోకి రారు. డాక్టరు ముందర ఆయా నోరు తెరవకూడదు. అయినా తెరిచినాను.

"ఏమన్నా, మీ అత్త బస్సెక్కుతాదా?"

"యాడక్కా! ఒకసారి ఎక్కి, పానం పోతాదని సగం దావలో దిగేసింది. అప్పట్నుంచి లేపాక్షి తిర్నాలకు గూడా నడిచే పోయేది. మా వదినె, పెండ్లాం వాళ్లక్క గూడా అంతే, గుంపు చూస్తే పరుగే."

"నాయనా! మరి లేదంటివే!" అంది రమణమ్మ.

"వాళ్లది వేరే ఇంటిపేరు గదమ్మీ!"

డాక్టరమ్మ నవ్వేసింది. ఇది గుండెజబ్బు కాదు, ఉన్నట్టుండి భయం ముంచుకొచ్చే పానిక్ డిజార్డర్ అని చెప్పింది. దానికి లొంగే గుణం రక్తసంబంధంలో కొంత రావచ్చు, అయితే అందరికీ జబ్బుగా మారదు, మారినా నయం చేసుకోవచ్చు అని వివరించింది.

"అవ్వకిప్పుడు ఎన్నేండ్లు?" అని రమణమ్మ నాయనను అడిగింది.

"ఎనభై దాటె. ఇంకా శెనక్కాయలు వొలుస్తాంది."

"చస్తా చస్తా అంటానే ఎనభై దాటిందా!" అని రమణమ్మ పకపకా నవ్వింది.

అమ్మ వైపు గీయడానికి పటంలో చోటు చాల్లేదు. రమణమ్మే సంచిలోని కాగితం తీసి, తెల్లగా ఉన్న వెనకవైపు తిప్పి ఇచ్చింది. సిస్టరు దాని మీద రెండు నల్ల గుండ్రాలు దిద్ది ఫైలులో కుట్టేసింది. మందులు వాడుతూ, దడ వచ్చినా దిగిపోకుండా కూర్చోవడం సాధన చేసి, నాలుగు నెలలకు రమణమ్మ ఖాకీ చొక్కాతోనే ఓపీకి వచ్చింది.

సిస్టరు దగ్గర నేను అక్షరాలు దిద్దింది ఆ మరుసటేడు. కానీ నా పనికి కావాల్సిన పాఠం అంతకుముందే వచ్చింది. ఇంటిపేరు నాయన దగ్గర్నుంచే వస్తుంది, నెత్తురు ఇద్దరి దగ్గర్నుంచీ వస్తుంది. రిటైరయ్యేదాకా, ఓపీకి ఎవరొచ్చినా నేను ముందు అమ్మ వైపు సంగతే అడిగినాను.