ముప్పై ఏడో పిల్ల

నా చిన్నప్పుడు నేను పగబట్టిన సంఖ్య ఒకటుంది, ముప్పై ఏడు. మా నాన్న పర్చూరు దగ్గర ఒక ఊళ్లో మిరప చేను కౌలుకి తీసుకుని మమ్మల్ని అక్కడికి తెచ్చాడు. ఆ ఊళ్లోకి ఎస్టీడీ బూత్ కొత్తగా వచ్చిన రోజులవి. దసరా సెలవులయ్యాక నేను అక్కడి బళ్లో ఆరో తరగతిలో చేరాను. అప్పటిదాకా క్లాసులో ఆడపిల్లలు ముప్పై ఆరుగురు. నాతో ముప్పై ఏడుగురయ్యారు.

జనవరి ఇరవై ఆరుకి మా క్లాసు ఆడపిల్లల చేత డ్రిల్లు చేయించాలని మాస్టారు ముందే అనుకున్నారట. ఆరు వరసలు, వరసకి ఆరుగురు. నేను వచ్చి ఆయన లెక్క పాడుచేశాను. ఎలా నిలబెట్టినా వరసలు సరిగ్గా రావడం లేదు. ఆయన చెడ్డవాడేం కాదు. చాలాసేపు తంటాలు పడి, చివరికి నాతో, "ఈసారికి కూర్చుని చూడమ్మా, వచ్చే ఏడు చేద్దువుగాని" అన్నారు. వచ్చే ఏడు మేం ఏ ఊళ్లో ఉంటామో మా నాన్నకే తెలీదు. అసలే ఆ బళ్లో నాతో జట్టు కట్టినవాళ్లు లేరు. డ్రిల్లులో కూడా లేకపోతే ఇక నన్నెవరూ కలుపుకోరని దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రం పక్కింటి అక్క వాళ్ల కళ్లంలో కూర్చుని తాలు ఏరుతోంది. తాలంటే ఎండుమిరపకాయల్లో రంగు పోయి తెల్లబడినవి. సాయం కూర్చున్నదాన్ని ఏడుపు ఆపుకోలేక, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. దాంతో అసలు ఏడుపు మొదలైంది. అక్క నా మొహం కడిగించి, సంగతంతా విని, ముప్పై ఏడు కాయలు లెక్కపెట్టి నా ముందు పోసింది.

"మాస్టారు చెప్పింది నిజమో కాదో ముందు చూద్దాం, పేర్చు" అంది.

రెండేసి పేర్చాను, ఒక కాయ మిగిలింది. మూడేసి పేర్చినా ఒకటి మిగిలింది. నాలుగేసి పేర్చబోతే అక్క వద్దంది, రెండేసి కుదరనిది నాలుగేసి ఎలా కుదురుతుందని. ఐదేసి పెడితే రెండు మిగిలాయి. ఆరేసి కూడా దండగేనట, రెండుకి లొంగనిది ఆరుకీ లొంగదట. ఏడేసి మొదలుపెట్టబోతే ఇక ఆపమంది. ఏడేసి చొప్పున ఏడు వరసలంటే నలభై తొమ్మిది, మన దగ్గర అన్ని కాయలు లేవు. ఏడేసి పెట్టినా, ఇంకా ఎక్కువేసి పెట్టినా వరసలు ఏడు కంటే తక్కువే వస్తాయి, ఆ తక్కువ సంఖ్యలన్నీ చూసేశాం. ఒకటీ, ముప్పై ఏడూ తప్ప దీనికి కారణాంకాలు లేవు, ప్రధాన సంఖ్యంటే ఇదే అని చెప్పింది. ఆ మాట బళ్లో బట్టీపట్టాను గానీ అర్థమైంది అప్పుడే. అర్థమయ్యాక దిగులు ఇంకా పెరిగింది. మాస్టారు అన్నది నిజమేనని తేలిపోయింది మరి.

అక్క కాయలన్నీ తన ముందుకి లాక్కుని, ఏడు కాయలు ఒక వరసలో పెట్టింది. దానికి అటూ ఇటూ, సందుల్లోకి వచ్చేలా, ఆరేసి పెట్టింది. వాటి పక్కన ఐదేసి, ఆ పక్కన నాలుగేసి. ఒక్క కాయ మిగల్లేదు. మాది సాయిబుల ఇల్లు, వాకిట్లో ముగ్గేసే అలవాటు లేదు. అయినా రోజూ పొద్దున్నే అక్క వేస్తుంటే చూసేదాన్ని గనక పోల్చుకున్నాను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు.

"వరసలన్నీ ఒక్కలాగే ఉండాలని ఎవరన్నారే?" అంటూ పొట్లంలో ముగ్గు కట్టి ఇచ్చింది.

మర్నాడు గంట కొట్టకముందే బడి ఆవరణలో దూరం దూరంగా చుక్కలు పెట్టాను. పిల్లలకి ఏమీ చెప్పక్కర్లేకపోయింది. చూస్తూనే తలా ఒక చుక్క మీదికి పరుగెత్తారు. మాస్టారు చుట్టూ తిరిగి చూసి, "రోజూ మా ఇంటి ముందు దీన్నే దాటుకుంటూ వస్తున్నాను గదమ్మా" అని నవ్వారు. నాకు చివరి వరసలో మూల చుక్క దొరికింది.

ఆ తర్వాత ఒకరోజు ప్రాక్టీసుకి ఆలస్యంగా వెళ్లాను. మూల బోసిగా ఉందని అందరూ గేటు వైపే చూస్తున్నారు. "ఎక్కడ చచ్చావే, నువ్వు లేకుండా మొదలెట్టడానికి లేదంట" అని ఒకమ్మాయి కసిరింది. ఆ కసురు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇప్పటికీ ఎక్కడైనా "ఒకరు ఎక్కువయ్యారు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముందు వరసలు మార్చి చూడండి అంటాను, చూసేదాకా వదలను. మా పిల్లలు చాదస్తం అంటారు. అననీ.