చిన్నాయన పరుగుకు నేను చెప్పిన నిమిషాలు

నా చిన్నప్పుడు మా చిన్నాయన వీపున ఇసుక మూట కట్టుకుని, చేతిలో గడ్డపార పట్టుకుని, పొద్దున్నే మదరాసు–బెంగుళూరు రోడ్డు మీద పరుగెత్తేవాడు. బంగారుపాళ్యంలో అప్పటికి ఇన్ని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు లేవు. రోడ్డుకు రెండు పక్కలా తోటలే. మామిడికాయల బండ్లు తోలుకొచ్చే వాళ్లు ఎద్దుల్ని నిలిపి మరీ నవ్వేవాళ్లు. "ఏమబ్బా మిలట్రీ, యాడ గోడకు కన్నమేసొచ్చినావు? ఎవురు తరుముకుంటా వస్తాండారు?" అని ఒకరు అడిగితే, "పెండ్లామే తరిమిందిలేప్పా, మూట కూడా కట్టిచ్చినట్టుండాది" అని ఇంకొకరు. చిన్నాయన ఊపిరి వృథా చేసుకునేవాడు కాదు. గడ్డపార ఒకసారి పైకెత్తి చూపించి సాగిపోయేవాడు.

ఆయన సైన్యంలో హవల్దారు. నలభై దాటాయి. ఆ ఎండాకాలం రెండు నెలల సెలవు మీద వచ్చాడు. తిరిగి వెళ్లగానే పరుగు పరీక్ష ఉంది. వీపున బరువు, చేతిలో తుపాకీతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తాలి. ఆయన వయసు వాళ్లకు ఇచ్చిన గడువు ముప్పై నిమిషాలు. నెగ్గితే సర్వీసు ఇంకో రెండేళ్లు పెంచుతారు, ఆ రెండేళ్లలో నాయబ్ సుబేదారు అయ్యే వరుస కూడా వస్తుంది. తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. అంతకు ముందు ఒకసారి తప్పాడు కాబట్టి ఇదే ఆఖరు అవకాశం.

మా అవ్వకు మాత్రం కొడుకు ఇంటికి వచ్చేస్తే బాగుండునని లోపల ఉండేది. "పెంచకుంటే పాయె. తోట సూసుకుంటా ఈడే ఉండు" అనేది. "నా అంతట నేను దిగొచ్చేది వేరేమా. వీడు ఇంక పరిగెత్తలేడు అని వాళ్లు పంపిస్తే వచ్చేది వేరే" అనేవాడు చిన్నాయన. ఆ మాట అనేటప్పుడు ఆయన కాలు నిలిచేది కాదు. కూర్చున్నవాడు లేచేవాడు, లేచినవాడు వాకిట్లోకి వెళ్లి రోడ్డు వైపు చూసి వచ్చేవాడు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు.

నాకు అప్పటికి తొమ్మిదేళ్లు. ఏడేళ్లప్పుడు కీళ్ల జ్వరం వచ్చింది. అది తగ్గాక కూడా గుండె మీద భారం పడకూడదని డాక్టరు చెప్పడంతో నన్ను బడికి పంపలేదు. చదవడం అవ్వ నేర్పింది, పూజ గదిలో కూర్చోబెట్టి, స్తోత్రాల పుస్తకంలో ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టించి. లెక్కలు మా నాయన నేర్పాడు. గడియారం చూడడం చిన్నాయన నేర్పాడు. పరుగెత్తేవాడు చేతి వైపు చూసుకుంటే అడుగు తడబడుతుందని, తన గడియారం విప్పి నా చేతికిచ్చి రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద నన్ను కూర్చోబెట్టేవాడు. అక్కడ మొదలుపెట్టి, పలమనేరు వైపు రెండున్నర కిలోమీటర్లు పోయి మళ్లీ ఆ రాయి దగ్గరికే వచ్చేవాడు. రాయిని తాకగానే నేను నిమిషాలు చెప్పాలి. ఇల్లు దాటి నాకు అప్పగించిన మొదటి పని అది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మొదటి రోజు ముప్పై ఆరు నిమిషాలు. వారం తిరిగేసరికి ముప్పై ఐదు, ఇంకో వారానికి ముప్పై మూడు. ఆ తర్వాత అంకె కదలడం మానేసింది. పొద్దున పరుగు కాకుండా సాయంత్రం కూడా మూటతో గుట్ట ఎక్కి దిగేవాడు. అన్నం తగ్గించి రాగి సంకటి తిన్నాడు. ఎన్ని చేసినా ముప్పై మూడే. నేను అంకె చెప్పగానే ఆయన ముఖం ఎలా వాడిపోయేదంటే, దానికి కారణం నేనే అన్నట్టు నాకు అనిపించేది. రాయి మీద కూర్చుని పరికిణీ అంచు మెలిపెట్టి మెలిపెట్టి చింపేశాను.

ఒక పొద్దున నా నోటి నుంచి ముప్పై రెండు అని వచ్చేసింది.

పిల్లలు అబద్ధం ఆడడానికి వెయ్యి కారణాలుంటాయి. నాది భక్తి. అవ్వ నాకు నేర్పిందల్లా, నమ్మి అడిగితే స్వామి చేయనిది లేదని. నేను అంకె ముందు చెప్పేసి, దాన్ని నిజం చేయమని సాయంత్రం దీపం దగ్గర అడిగితే సరిపోతుందనుకున్నాను. రేపటికి ఆయన నిజంగానే ముప్పై రెండుకు వస్తాడు, అప్పుడు నేను ఆడింది అబద్ధం కాదు, ఒక రోజు ముందుగా చెప్పిన నిజం. అలా లెక్క వేసుకున్నాను. తెల్లారి చూస్తే ముప్పై మూడే. సరే, స్వామికి ఇంకొంచెం సమయం కావాలేమోనని మళ్లీ ముప్పై రెండే చెప్పాను. మూడో నాటికి చిన్నాయన ముఖంలో వెలుగు చూసి, దాన్ని తగ్గనివ్వలేక, ముప్పై ఒకటన్నాను.

అలా పన్నెండు పొద్దులు అబద్ధమే చెప్పాను. ఐదో నాటికే ఇరవై తొమ్మిది అన్నాను. చిన్నాయన నన్ను రాయి మీద నుంచి రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పాడు. ఇంటికి వచ్చి, "అమా, నీ కొడుకు ఇంకా ముసిలోడు కాలేదు సూడు" అని అవ్వ చేతిలోని చేటను లాక్కున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం గుట్ట ఎక్కడం మానేశాడు. మూటలో ఇసుక కొంత తీసేశాడు. మధ్యాహ్నం అన్నంతో పాటు రెండు మామిడిపండ్లు తిని కునుకు తీసేవాడు. ఆయన కుదుటపడ్డాడు. నా కుదురు మాత్రం పూర్తిగా పోయింది.  దీపం పెట్టాక గోవింద నామాలు అవ్వతో పాటు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పటం వైపు చూడలేక దీపం వైపే చూసేదాన్ని. మళ్లీ జొరం గానీ వస్తాందేమోనని అవ్వ నా నుదుటి మీద చేయి పెట్టి చూసేది. చెప్పేద్దామని వాకిలి దాకా వచ్చేదాన్ని, చిన్నాయన నవ్వుతూ కనిపించేవాడు, వెనక్కి తిరిగేదాన్ని.

ఆయనకు అనుమానం తెప్పించింది పలమనేరు నుంచి వచ్చే మొదటి బస్సు. అంకె ముప్పై మూడు దగ్గర ఆగినప్పటి నుంచీ అది రోజూ ఒకే చోట, రాయి ఇంకా అర కిలోమీటరు ఉందనగా, ఆయన్ను దాటి పోయేది. నాలుగు నిమిషాలు తగ్గినవాడు ఆ బస్సు వచ్చే వేళకు పరుగు ముగించి రాయి దగ్గర ఉండాలి కదా! బస్సు మాత్రం పాత చోటే దాటి పోతోంది. గడియారం నెమ్మదిగా నడుస్తోందేమోనని చిత్తూరుకు తీసుకెళ్లి బజారులో గడియారాలు బాగుచేసే సాయిబుకు చూపించాడు. సాయంత్రం తిరిగొచ్చి తిన్నె మీద కూర్చుని అవ్వతో చెబుతుంటే తలుపు వెనక నుంచి విన్నాను. "దీంట్లో ఏమీ తప్పు లేదప్పా, సూసేవాళ్లను అడుగుపో అన్నాడుమా ఆ సాయిబు." అవ్వకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చిన్నాయన తలుపు వైపు చూడలేదు. చెప్పులు విడిచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున రాయి దగ్గర మూట కింద పెట్టి, గడియారం తన చేతికే కట్టుకున్నాడు. "ఈ పొద్దు నేను కూసుంటా, నువ్వు నడువు పాపా. ఆ కల్వర్టు దాకా పోయి రా" అన్నాడు. జ్వరం వచ్చినప్పటి నుంచి నేను అంత దూరం నడిచింది లేదు. భయంభయంగా వెళ్లి వచ్చాను. "పదకొండు నిమిషాలు" అన్నాడు. గుండె దడదడలాడుతున్నా, నా కాళ్లకు ఒక అంకె వచ్చిందని పొంగిపోయాను. దెబ్బలు పడతాయనుకున్న చోట నడక దొరికింది. ఇక చెప్పనక్కర్లేదేమోనని కూడా ఒక్క క్షణం ఆశపడ్డాను.

ఆ తర్వాతి రోజు మళ్లీ నడవమన్నాడు. ముందు రోజు నొప్పులు పట్టేసి ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. ఒకచోట ఏడ్చాను కూడా. పండ్లు బిగబట్టి ఎలాగో తిరిగి రాయిని తాకాను. చిన్నాయన గడియారం చూసి, "ఆరు నిమిషాలు! శభాష్" అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. ఒక రకమైన భయం వేసింది. నేను కూర్చున్నది, ఏడ్చింది, లేచి నడిచింది, అదంతా జరగనట్టే పోయింది. ఆ రోడ్డు మీద నేను ఉన్నానో లేనో చూసిన మనిషే లేకుండా పోయాడు. "లేదు చిన్నాయనా. నేను రెండుసార్లు కూసున్న్యాను. ఆరు కాదు" అన్నాను. "ఆరేలే. తక్కువ సెప్తే నీకు బాగుంటాది కదా?" అన్నాడు. "బాగలేదు, నిజం సెప్పు" అని అరిచాను. అరిచిన తర్వాత నా మాట నా చెవిన పడింది.

చిన్నాయన రాయి మీద నుంచి లేచాడు. పై గుడ్డతో నా ముఖం తుడిచి, "పదహారు పాపా" అన్నాడు. తర్వాత గడియారం విప్పి నా ఒడిలో పెట్టాడు. మూటలోంచి తీసేసిన ఇసుకంతా మళ్లీ పోసుకుని వచ్చి పరుగు మొదలుపెట్టాడు. ఆయన తిరిగి వచ్చి రాయిని తాకేసరికి నేను వెక్కుతూనే ఉన్నాను. వెక్కుతూనే చెప్పాను, "ముప్పై నాలుగు." ఆ రోజుల సుఖం ఒక నిమిషం వెనక్కి లాగింది. "అట్ల సెప్పు. ఇప్పుడు తెలిసింది నేను యాడుండానో" అన్నాడు.

సెలవు ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ పద్దెనిమిది రోజులు ఆయన పరుగెత్తిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. పొద్దునా పరుగే, సాయంత్రమూ పరుగే. మడమలు పగిలి నెత్తురు వస్తే ఆముదం రాసుకుని వచ్చేవాడు. రాయి చేరగానే నేను నిమిషాలే కాదు, సెకన్లు కూడా చెప్పేదాన్ని. ముప్పై మూడు, ముప్పై రెండున్నర, ముప్పై ఒకటి. ఒక్కోసారి మళ్లీ పెరిగేది. పెరిగినా అదే గొంతుతో చెప్పేదాన్ని, చెప్పి కండ్లు మూసుకునేదాన్ని. చివరి రోజు ముప్పై నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. ఆ సాయంత్రమే ఆయన కాట్పాడిలో రైలెక్కాడు. దీపం దగ్గర నేను స్వామిని ఏమీ అడగలేకపోయాను. చేతులు జోడించి, జరిగిందంతా జరిగినట్టు చెప్పుకున్నాను.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. నా పేరు మీదే రాశాడు. నాకు ఉత్తరం రావడం అదే మొదలు. ఆరోగ్యం అడిగాక ఒక్క వాక్యం. "ముప్పై నిమిషాల ఎనిమిది సెకన్లు పట్టింది పాపా, ఇంటికి వస్తున్నాను." అవ్వ సంతోషపడాలో ఏడవాలో తెలియక పెరట్లోకి వెళ్లిపోయింది. నేను ఆ ఉత్తరం పట్టుకుని గదిలో నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి గదిలోకి తిరుగుతూనే ఉన్నాను.

చిన్నాయన వచ్చాడు, తోట చూసుకున్నాడు. తోటకు వచ్చినవాళ్లు హవల్దారూ అని పిలిస్తే మాత్రం కొంచెం తల దించుకునేవాడు. పరుగు మాత్రం మానలేదు. ఇప్పుడు నిన్ను ఎవరు పరీక్ష పెడతారని అందరూ అడిగేవాళ్లు. వయసును బట్టి గడువు వాళ్లు పెంచుతారు కానీ ఒంటికి ఆ సంగతి తెలియదు, వదిలేస్తే వదిలేసినట్టే ఉంటుంది అనేవాడు. నాకు ఊళ్లోనే పెళ్లయింది. వీలైన పొద్దుల్లో వెళ్లి గడియారం పట్టుకునేదాన్ని. ఏళ్లు గడిచేకొద్దీ ముప్పై రెండు, ముప్పై ఎనిమిది, నలభై ఐదు. పరుగు నడకైంది. డెబ్బై దాటాక ఒకరోజు గంటా నాలుగు నిమిషాలు అన్నాను. "గంట దాటేసినాము పాపా" అని అదేదో ఘనకార్యం అయినట్టు నవ్వాడు. ఆయన పక్కన నడిచీ నడిచీ, నడవలేదన్న ఈ పిల్ల కూడా నలుగురిలా నడిచింది. ఆ రుణం ఏ జన్మకు తీరేది కాదు.

ఆ నవ్వు చూసి ధైర్యం చేసి, అన్నేళ్లుగా నోట్లోనే తిరుగుతున్న మాట అడిగేశాను. "ఆ పన్నెండు రోజులు నేను నిజం సెప్పింటే, నువ్వు నెగ్గేవాడివా చిన్నాయనా?"

లేదులే, అప్పటికే ముసలివాణ్ణయ్యానులే అంటాడని ఎదురుచూశాను. ఎవరైనా అదే అంటారు. ఆయన అలా అనలేదు. "నెగ్గేవాణ్ణే అనుకుంటా పాపా. ఎనిమిది సెకన్లే కదా" అన్నాడు. నా చేయి తన చేతిలోకి తీసుకుని, ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నన్ను ఓదార్చడానికైనా ఆయన ఒక్క సెకను తగ్గించి చెప్పలేదు. నా జీవితంలో నాకు దొరికిన మన్ననల్లో అంతకన్న పెద్దది లేదు. మొన్న మోకాళ్లు చూసిన డాక్టరమ్మ రోజూ ముప్పావు గంట నడుస్తున్నారా అని అడిగింది. "లేదమ్మా, పదిహేడు నిమిషాలు. మధ్యలో ఒకసారి కూర్చుంటున్నాను" అన్నాను. సాయంత్రం దీపం దగ్గర స్వామికి కూడా అదే చెబుతాను, తక్కువా లేదు, ఎక్కువా లేదు. చెప్పి కండ్లు మూసుకుంటే మనసు నిలుస్తుంది. ఆ ఎనిమిది సెకన్లు మాత్రం ఈనాటికీ నాలో ఒకచోట కూర్చోకుండా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని కూర్చోబెట్టమని నేను స్వామిని ఎప్పుడూ అడగలేదు.